నలిగిన గాయానికి ప్రెషర్ ఆక్సిజన్ వైద్యం: ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు?



కొంతకాలం క్రిందట చెరకు గానుగలో చెయ్యి నలిగిన ఒక యువకుని మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. అప్పటికి గాయమై మూడవ రోజు. మొదటి రోజు ఊరిలోనే బిగుతుగా కట్టు కట్టించారు. రెండవ రోజు వేళ్ళు మొద్దుబారాయి. నొప్పి తెలియడం లేదు గదా, నయమవుతోందని ఇంటివారు అనుకున్నారు. మూడవ రోజు వేళ్ళు నల్లబడి వాసన వచ్చేసరికి భయపడి బయలుదేరారు. డాక్టరుగారు చూసి, ప్రాణం దక్కాలంటే మణికట్టు పైవరకు చెయ్యి తీసివేయక తప్పదని చెప్పారు.

ఆపరేషన్ అయిన తరువాత అతని తల్లి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "సిస్టరమ్మా, పట్నంలో ఏదో ఆక్సిజన్ గది ఉందంట గదా. అందులో పెడితే నల్లబడిన చెయ్యి కూడా బాగవుతుందని మా బంధువు ఒకాయన చెప్పాడు. మేము పేదోళ్ళమనేనా అక్కడికి పంపలేదు?"

వార్డులో పని హడావుడిలో మేము ఆమెకు నాలుగు మాటలే చెప్పగలిగాము. ఆ ప్రశ్నకు అంతకంటే వివరమైన జవాబు అవసరం. ఇలాంటి అనుమానం ఇంకా ఎందరికో ఉంటుంది గనుక, ఆ ఆక్సిజన్ గది అంటే ఏమిటో, నలిగిన గాయానికి అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఈ సంచికలో వివరిస్తున్నాము.

నలిగిన గాయం అంటే ఏమిటి?

కత్తి తెగిన గాయం వేరు, నలిగిన గాయం వేరు. కత్తి తెగితే గీత పడిన చోటే దెబ్బ. కుట్లు వేస్తే సాధారణంగా మానిపోతుంది. గానుగలోనో, నూర్పిడి యంత్రంలోనో, ట్రాక్టరు చక్రం క్రిందనో, కూలిన గోడ క్రిందనో చెయ్యి, కాలు నలిగితే చర్మం, కండ, నరాలు, రక్తనాళాలు, ఎముక అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. పైకి చిన్న గీరుడే కనబడవచ్చు, లోపల కండ మాత్రం పిండి అయి ఉండవచ్చు. అందుకే ఈ గాయం మనుషులను మోసం చేస్తుంది.

నలిగిన తరువాత రెండవ ప్రమాదం మొదలవుతుంది. అది వాపు. మన చేతిలో, కాలిలో కండరాలు గట్టి పొరల మధ్య అరలు అరలుగా ఉంటాయి. ఆ పొర సాగదు. లోపల వాపు పెరిగే కొద్దీ సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందక కండ ఇంకా వాస్తుంది. వాచిన కొద్దీ రక్తం ఇంకా తగ్గుతుంది. కాలువ గట్టు తెగితే చివరి మడికి నీరు అందక పైరు ఎండినట్లు, రక్తం తీసుకువచ్చే ఆక్సిజన్ అందక కండ చచ్చిపోతుంది. రక్తం పూర్తిగా ఆగిపోతే సుమారు 6 గంటలలో కండకు కోలుకోలేని నష్టం జరుగుతుంది. అందుకే డాక్టర్లు అంత తొందర పడతారు.

పూర్తిగా నలిగిన భాగం చచ్చిపోయే ఉంటుంది. దూరంగా ఉన్న భాగం బాగానే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య, చావుకూ బ్రతుకుకూ నడుమ ఊగిసలాడే కండ కొంత ఉంటుంది. వైద్యమంతా ఆ మధ్య భాగాన్ని కాపాడుకోవడానికే. ప్రెషర్ ఆక్సిజన్ వైద్యం పనిచేసేది కూడా ఆ మధ్య భాగం మీదనే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది.

గోలీ సోడా చెప్పే పాఠం

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఆ ఆక్సిజన్‌ను రక్తంలోని ఎర్ర కణాలు మోసుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ కణాలు మామూలు గాలితోనే దాదాపు నిండిపోయి ఉంటాయి. సీట్లన్నీ నిండిన బస్సులో ఇంకొందరిని కూర్చోబెట్టలేము గదా. అలాగే మాస్కు పెట్టి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా ఎర్ర కణాలు మోసేది పెద్దగా పెరగదు.

అయితే రక్తంలో ఎర్ర కణాలే కాక నీరువంటి భాగం కూడా ఉంది. దానిని ప్లాస్మా అంటారు. ఇందులో కూడా కొద్దిగా ఆక్సిజన్ కరుగుతుంది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తం సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తే, అందులో ప్లాస్మాలో కరిగినది 0.3 మిల్లీలీటరు మాత్రమే.

ఇక్కడ గోలీ సోడాను గుర్తు చేసుకోండి. సోడా తయారుచేసేవారు నీటిలోకి గ్యాసును ఒత్తిడితో ఎక్కిస్తారు. గోలీ బిగిసి ఉన్నంతసేపు ఆ గ్యాసు నీటిలో కరిగి ఉంటుంది. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి బుస్సున పొంగుతుంది. ఒత్తిడి ఎక్కువైన కొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది. ఇంగ్లండు శాస్త్రవేత్త విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రం ఇదే.

ప్రెషర్ ఆక్సిజన్ వైద్యంలో కూడా ఈ సూత్రమే పనిచేస్తుంది. రోగిని మూసిన గదిలో ఉంచి, మామూలు గాలి ఒత్తిడికి రెండు, రెండున్నర రెట్లు ఒత్తిడి పెంచి, 100 శాతం ఆక్సిజన్ పీల్పిస్తారు. రెండున్నర రెట్లు అంటే సముద్రంలో 15 మీటర్ల లోతున ఉండే ఒత్తిడి. మూడు రెట్ల ఒత్తిడిలో అయితే 100 మిల్లీలీటర్ల రక్తంలో, ఎర్ర కణాలతో పని లేకుండానే, సుమారు 6 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కరుగుతుంది. అంటే మామూలు 0.3 మిల్లీలీటరుకు ఇరవై రెట్లు. డాక్టర్లు దీనిని హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ అంటారు.

నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఇటె బోరెమా అనే సర్జను 1960లో దీనిని పంది పిల్లల మీద చేసి చూపించాడు. వాటి ఎర్ర కణాలను దాదాపు అన్నిటినీ తీసివేసినా, ఒత్తిడి గదిలో ఉన్నంతసేపు అవి బ్రతికాయి. మరుసటి సంవత్సరం అదే నగరంలోని డాక్టర్లు గ్యాస్ గ్యాంగ్రీన్ అనే భయంకరమైన కుళ్ళు వ్యాధికి ఈ వైద్యాన్ని వాడారు. మన దేశంలో లోతు నీటిలో పనిచేసే డైవర్ల కొరకు నౌకాదళం ఇలాంటి గదులను చాలాకాలంగా వాడుతున్నది. ఇప్పుడు హైదరాబాదు, చెన్నై, ముంబై వంటి నగరాలలో కొన్ని ఆసుపత్రులలో కూడా ఇవి ఉన్నాయి.

నలిగిన కండకు ఇది చేసే మేలు

మొదటిది, ఊట నీరు. కాలువ దెబ్బతిన్నా నీరు గట్టులో నుంచి ఊరి ప్రక్క మడికి చేరినట్లు, ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్ దెబ్బతిన్న నాళాల నుంచి మామూలుకంటే ఎక్కువ దూరం ప్రాకి, ఆకలిగొన్న కండకు చేరుతుంది.

రెండవది, వాపు తగ్గడం. ఎక్కువ ఆక్సిజన్ ఉన్నప్పుడు రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటాయి. లోనికి వచ్చే ద్రవం తగ్గి వాపు తగ్గుతుంది. నాళాలు ముడుచుకున్నా రక్తంలో ఆక్సిజన్ ఎంతో ఎక్కువగా ఉంటుంది గనుక కండకు లోటు రాదు.

మూడవది, తిరిగి రక్తం వచ్చినప్పుడు జరిగే నష్టాన్ని తగ్గించడం. చాలాసేపు రక్తం అందని కండకు ఒక్కసారిగా రక్తం వస్తే, తెల్ల కణాలు నాళాల గోడలకు అతుక్కుని అక్కడ మంట పుట్టించి నాళాలను మూసివేస్తాయి. ఈ వైద్యం ఆ అతుకుడును తగ్గిస్తుంది.

నాలుగవది, సూక్ష్మక్రిములతో పోరాటం, కొత్త కండ. తెల్ల కణాలు క్రిములను చంపాలన్నా, గాయం అడుగున ఎర్రని కొత్త కండ పుట్టాలన్నా, సన్నని కొత్త నాళాలు మొలవాలన్నా ఆక్సిజన్ కావాలి.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

ఇది మంచిదని ఒకరు చెప్పగానే నమ్మకూడదు గనుక, పరీక్షించి చూసిన వారి మాట వినాలి. ఫ్రాన్సు దేశంలోని ఆంజే నగరపు డాక్టర్లు చేసిన ఒక పరిశోధన 1996లో ప్రచురితమైంది. చేతులు, కాళ్ళు తీవ్రంగా నలిగిన 36 మందిని తీసుకున్నారు. ముందుగా అందరికీ అవసరమైన ఆపరేషన్ చేసి, మందులు ఇచ్చారు. ఆపరేషన్ తరువాత 24 గంటలలోపు 18 మందికి రెండున్నర రెట్ల ఒత్తిడిలో ఆక్సిజన్ మొదలుపెట్టారు. ఒక్కొక్కసారి 90 నిమిషాలు, రోజుకు రెండుసార్లు, 6 రోజులు. మిగిలిన 18 మందిని కూడా అలాగే గదిలో ఉంచారు గాని మామూలు గాలే ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగులకు తెలియదు.

ఆక్సిజన్ పొందిన 18 మందిలో 17 మందికి గాయం పూర్తిగా మానింది. మామూలు గాలి పొందినవారిలో 10 మందికి మానింది. చర్మం అతికించడం, నాళాల ఆపరేషన్, అవయవం తీసివేయడం వంటి మరో ఆపరేషన్ మొదటి గుంపులో ఒకరికే అవసరమైతే, రెండవ గుంపులో ఆరుగురికి అవసరమైంది.

ఈ లెక్క చూడగానే ఆశ కలుగుతుంది. కాని 36 మంది చాలా చిన్న సంఖ్య. తరువాత అనేక దేశాల ఆసుపత్రులు కలిసి, మోకాలి క్రింది ఎముక విరిగి బయటకు వచ్చిన 120 మంది మీద చేసిన పరిశోధన 2022లో వెలువడింది. ఆక్సిజన్ తీసుకున్నవారిలో కండ చచ్చిపోవడం తక్కువగా కనబడింది. ఇన్‌ఫెక్షన్ విషయంలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. అప్పటివరకు జరిగిన పరిశోధనలను 2013లో సమీక్షించిన కాక్రేన్ సంస్థవారు కూడా, గట్టిగా చెప్పడానికి మంచి రుజువులు చాలవని వ్రాశారు.

కాబట్టి మేము మీకు చెప్పేది ఇది: సరైన సమయంలో, సరైన ఆపరేషన్‌తో పాటు ఇస్తే, తీవ్రంగా నలిగిన గాయాలకు ఇది సహాయం చేయవచ్చు. ఆపరేషన్‌కు బదులుగా ఇది పనికిరాదు.

గదిలో ఏమి జరుగుతుంది?

ఈ గదులు రెండు రకాలు. ఒకటి, ఒక్కరే పడుకునే గాజువంటి పారదర్శకమైన గొట్టం. రెండవది, నలుగురైదుగురు కూర్చోగలిగే పెద్ద గది. అందులో ఒక్కొక్కరికి మాస్కుగాని తలకు తొడుగుగాని పెడతారు. నర్సు కూడా లోపల ఉండవచ్చు.

నొప్పి ఉండదు, సూది ఉండదు. ఒత్తిడి పెరుగుతున్నప్పుడు ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు మూసుకున్నట్లు ఉంటుంది. ఉమ్ము మింగడం, ఆవలించడం, ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం చేస్తే చెవులు విడతాయి. విడవకపోతే వెంటనే చెప్పాలి. ఓర్చుకుంటే కర్ణభేరి దెబ్బతింటుంది. గంటన్నర పాటు సాగుతుంది. మధ్యలో కొన్ని నిమిషాలు మామూలు గాలి ఇస్తారు. ఎక్కువ రోజులు తీసుకున్నవారిలో కొందరికి దూరపు చూపు కొంత మసకబారుతుంది. అది సాధారణంగా కొన్ని వారాలలో సర్దుకుంటుంది. చాలా అరుదుగా ఫిట్స్ రావచ్చు. షుగరు వ్యాధి ఉన్నవారికి గదిలో షుగరు పడిపోవచ్చు గనుక ప్రతిసారి ముందుగా పరీక్ష చేయించాలి, ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు.

ఊపిరితిత్తి చిల్లిపడి ఛాతీలో గాలి చేరినవారిని, దానికి వైద్యం చేయకుండా గదిలో పెట్టకూడదు. ప్రాణానికే ముప్పు. ట్రాక్టరు ప్రమాదాలలో కాలితో పాటు పక్కటెముకలు విరిగినవారు ఉంటారు గనుక ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఉబ్బసం, ఫిట్స్, చెవి జబ్బు, విపరీతమైన జలుబు, గర్భం, క్యాన్సరు మందులు, మూసిన గదులంటే భయం, ఇవి ఏవి ఉన్నా దాచకుండా చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యం నిప్పు. ఆక్సిజన్ నిండిన చోట చిన్న రవ్వ కూడా పెద్ద మంట అవుతుంది. 1997లో ఇటలీలోని మిలాన్ నగరంలో ఒక ఆసుపత్రి గదిలో మంటలు లేచి పదిమంది రోగులు, వారితో ఉన్న ఒక నర్సు చనిపోయారు. అందుకే నూలు బట్టలే వేస్తారు. సెల్‌ఫోను, అగ్గిపెట్టె, బీడీలు, వాచీ, తలనూనె, పౌడరు, సెంటు ఏవీ లోపలికి రానివ్వరు. తలకు నూనె రాసుకుని వెళ్తే స్నానం చేసి రమ్మంటారు. విసుక్కోవద్దు, అది మీ ప్రాణం కొరకే.

ఇది చేయలేని మూడు పనులు

ఒకటి, చచ్చిన కండను బ్రతికించలేదు. నల్లబడి, చల్లబడి, వాసన వచ్చే భాగంలో రక్తం పారదు. కాలువకే నీరు రాకపోతే ఊట ఎక్కడ నుంచి వస్తుంది? ఆ భాగాన్ని తీసివేయకపోతే విషం ఒళ్ళంతా ప్రాకుతుంది. అలాగే పెద్ద రక్తనాళం తెగిపోతే ముందు దానిని కలపాలి.

రెండు, లోపల బిగిసిన కండ అరను విప్పలేదు. వాపు ఎక్కువైనప్పుడు సర్జను చర్మాన్ని, కండ మీది పొరను పొడవుగా కోసి వదులు చేస్తారు. పైన చిన్న గాయం, డాక్టరు మూరెడు కోత కోశాడని కొందరు మా మీద కోపపడతారు. ఆ కోతే కాలును కాపాడుతుంది. వాపు తగ్గిన తరువాత దానిని మూసివేస్తారు, లేదా చర్మం అతికిస్తారు.

మూడు, మూత్రపిండాలను కాపాడలేదు. ఎక్కువ కండ చాలాసేపు నలిగితే, విడిపించిన తరువాత అందులోని విష పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పొటాషియం పెరిగి గుండె ఆగవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడినప్పుడు, శిథిలాల క్రింద నుంచి బ్రతికి బయటపడినవారు కొద్ది రోజులకు మూత్రం ఆగి చనిపోవడాన్ని అక్కడి డాక్టర్లు 1941లో వివరించారు. 1999లో టర్కీ భూకంపం తరువాత 477 మందికి ఈ కారణంగా డయాలసిస్ చేయవలసి వచ్చింది. దీనికి మొదటి మందు సెలైను. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, తగ్గిపోయినా వెంటనే నర్సుకు చెప్పండి.

గాయమైన వెంటనే మీరు చేయవలసినవి

ముందుగా యంత్రం ఆపి, మెయిన్ తీయండి. 108కి ఫోను చేయండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన బట్ట మడిచి గాయం మీద అరచేతితో గట్టిగా అదిమి పట్టండి. తాడుతోగాని తీగతోగాని కట్టవద్దు.

ఉంగరాలు, గాజులు, మొలత్రాడు, పట్టీలు, వాచీ వెంటనే తీసివేయండి. వాపు వచ్చిన తరువాత అవి రావు, ఉరిలా బిగిసిపోతాయి.

పసుపు, కాఫీ పొడి, సున్నం, ఆకు పసరు, పేడ ఏదీ పూయవద్దు. వాటిని కడగడానికే మాకు అరగంట పడుతుంది. నలిగిన చోట తోమవద్దు, కాపడం పెట్టవద్దు.

బిగుతు కట్టు కట్టించవద్దు. ఎముక కదలకుండా చెక్కతోగాని అట్టతోగాని ఆసరా ఇస్తే చాలు.

వేలు తెగి పడితే పారవేయవద్దు. శుభ్రమైన తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు కలిపిన నీటిలో ఉంచి తీసుకురండి. వేలును నేరుగా ఐసు మీద పెట్టవద్దు.

గోడ క్రింద, ట్రాక్టరు క్రింద గంటల తరబడి ఇరుక్కున్న మనిషి ఉంటే, ఎంతసేపటి నుంచి ఇరుక్కున్నాడో 108 వారికి ముందే చెప్పండి. వీలైతే బరువు ఎత్తకముందే సెలైను మొదలుపెడతారు. ఊపిరి ఆడకపోయినా, ఇంకా కూలే ప్రమాదం ఉన్నా ఆగకూడదు, వెంటనే తీయాలి.

ఆపరేషన్ చేయవలసి రావచ్చు గనుక దారిలో టీ, కాఫీ, అన్నం పెట్టవద్దు. గాయమైన సమయం గుర్తుంచుకుని చెప్పండి. మేము మొదట అడిగేది అదే.

వార్డులో మీరు మాకు సహాయం చేయండి

నలిగిన గాయంతో వచ్చినవారి గోళ్ళను నొక్కి వదిలి మేము మాటిమాటికి చూస్తాము. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో తిరిగి ఎర్రబడాలి. ప్రక్కన కూర్చున్న మీరు కూడా కొన్ని సంగతులు కనిపెట్టగలరు. ఇంజెక్షన్ ఇచ్చినా పెరిగే నొప్పి, వేళ్ళు మెల్లగా చాచినప్పుడు భరించలేని నొప్పి, తిమ్మిరి, కండ రాయిలా బిగుసుకోవడం, వేళ్ళు పాలిపోవడం, చల్లబడటం. ఇవి అర్ధరాత్రి కనబడినా మమ్మల్ని పిలవండి. సిస్టరును ఎందుకు ఇబ్బంది పెట్టాలని తెల్లవారే దాకా ఆగవద్దు. ఒక రాత్రి ఆగినందుకు పాదం పోయిన సందర్భాలు మేము చూశాము. నొప్పి పోయి మొద్దుబారితే అది మంచి గుర్తు కాదు, ఇంకా చెడ్డ గుర్తు.

బీడీ, చుట్ట, సిగరెట్టు పూర్తిగా మానివేయాలి. ఒక ప్రక్క ఆక్సిజన్ కొరకు డబ్బు ఖర్చు చేస్తూ, బాత్‌రూము దగ్గర చుట్ట కాల్చి నాళాలను మూసుకునేవారిని మేము ఎన్నోసార్లు మందలించాము. పొగ నాళాలను కుదించి, కండకు చేరే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. గుడ్లు, పప్పు, పాలు, ఆకుకూరలు బాగా పెట్టండి. పథ్యం పేరుతో మజ్జిగ అన్నమే పెడితే కొత్త కండ ఎలా పుడుతుంది?

పట్నానికి వెళ్ళే ముందు అడగవలసిన ప్రశ్నలు

మా ఆసుపత్రిలో ఈ గది లేదు. ఎవరికైనా మేలు చేస్తుందని సర్జను అనుకుంటే, ముందు ఇక్కడ చేయవలసిన ఆపరేషన్ చేసి, చీటీ వ్రాసి పంపుతారు. అక్కడికి వెళ్ళాక ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడవద్దు.

ఏ ఉద్దేశంతో ఇస్తున్నారు, మొత్తం ఎన్నిసార్లు? ఎంత ఒత్తిడి, 100 శాతం ఆక్సిజనేనా? ఆ సమయంలో డాక్టరు, శిక్షణ పొందిన నర్సు దగ్గర ఉంటారా? గాయాన్ని చూసే సర్జను అదే ఆసుపత్రిలో ఉన్నారా? మొత్తం ఖర్చు ఎంత, ప్రభుత్వ ఆరోగ్య కార్డులో వస్తుందా? రెండు మూడు రోజుల తరువాత మేలు కనబడకపోతే ఆపివేస్తారా?

మెత్తని సంచివంటి గదులు పెట్టి, తక్కువ ఒత్తిడితో అందానికి, ముసలితనానికి, పిల్లల ప్రవర్తనకు, సర్వరోగాలకు మంచిదని అమ్మేవారు ఉన్నారు. వాటికీ ఈ వైద్యానికీ పోలిక లేదు. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక ప్రైవేటు కేంద్రంలో ఇలాంటి రుజువులేని కారణాలకు ఆక్సిజన్ గదిలో పెట్టిన 5 ఏండ్ల బాలుడు మంటలలో చనిపోయాడు. ఆసుపత్రి పర్యవేక్షణ లేని చోటికి వెళ్ళవద్దు. పొలం తాకట్టు పెట్టి పరుగెత్తకముందు మీ సర్జనును ఒక్క మాట అడగండి.

ఆ తల్లికి మా జవాబు

అమ్మా, మీరు పేదవారని మేము పంపకపోలేదు. మీ అబ్బాయి వచ్చేసరికి ఆ చేతిలో కాపాడదగిన మధ్య భాగం మిగలలేదు. ఎంత డబ్బున్నవారికైనా, ఎంత పెద్ద గదిలో పెట్టినా, ఆ రోజు ఆ చెయ్యి తిరిగి వచ్చేది కాదు. అది మీ తప్పు అని కూడా మేము అనము. నొప్పి తగ్గితే నయమైందని ఎవరైనా అనుకుంటారు. అలా కాదని ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పవలసినవారిలో మేము కూడా ఉన్నాము.

మరొక సంగతి కూడా చెప్పాలి. తరువాత కొన్ని నెలలకు అదే ఊరి నుంచి ట్రాక్టరు క్రింద పాదం నలిగిన ఒక స్త్రీని గంటలోపే తీసుకువచ్చారు. కట్టు లేదు, పసరు లేదు, పట్టీలు ముందే తీసివేశారు. ఆ రాత్రే ఆపరేషన్ జరిగింది. ఆమెకు ఆక్సిజన్ గది అవసరమే రాలేదు. రెండు వేళ్ళు పోయాయి గాని పాదం నిలిచింది. ఇప్పుడు చెప్పులు వేసుకుని కూలి పనికి వెళ్తున్నది. ఆమెను తొందరగా తీసుకురమ్మని ఇంటివారిని పట్టుబట్టి పంపింది ఎవరో తెలుసా? చెయ్యి పోగొట్టుకున్న ఆ యువకుడే.

గానుగలు, నూర్పిడి యంత్రాలు, పిండి మరలు ఉన్న ఊళ్ళవారు ఈ పేజీని చించి యంత్రం దగ్గర గోడకు అతికించుకోండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

మీ క్షేమం కోరే,
నర్సింగ్ సూపరింటెండెంటు మరియు నర్సింగ్ సిబ్బంది